ఎర్రబడ్డ పసుపు

సి.ఐ. ధనుంజయ్‌కు తెలివి లేదని నేనెప్పుడూ అనను. ఉంది. వచ్చిన తిప్పలన్నీ దాంతోనే వచ్చాయి. తెలివి లేనివాడైతే ముసలాయన వెంకట్రావు గారి చావు గుండెపోటని రాసేసి చేతులు దులుపుకునేవాడు. ఈయన రక్తపరీక్షకు పంపించాడు. ఆపరేషన్ థియేటర్లో మత్తు డాక్టర్లు వాడే మందు, పాళ్లు మించితే ఊపిరి ఆపేసేది, ఆ రక్తంలో ఉందని తేల్చాడు. కడుపులో ఆ మందు లేదు. ఒంటి మీద సూది గుచ్చిన గుర్తు లేదు. అయితే అది చర్మంలోంచి పోయి ఉండాలన్నాడు. చనిపోయిన రోజు పొద్దున వెంకట్రావు మోకాలికి, కరెంటుతో చర్మంలోంచి మందు పంపే మిషన్ పెట్టింది ఎవరు? ఫిజియోథెరపిస్టు ఎస్తర్. నిన్న సాయంత్రం ఎస్తర్‌ను పట్టుకొచ్చి బోధన్ స్టేషన్లో కూర్చోబెట్టాడు.

ఇందులో ఒక్క ముక్క కూడా కాదనడానికి లేదు. అదే నా బాధ.

నిజామాబాద్‌లో నా ఆఫీసు ముందు 'డిటెక్టివ్ రజిని' అని బోర్డు ఉంటుంది. వచ్చే కేసులు ఎక్కువగా పెళ్లి సంబంధాల ఎంక్వైరీలే. ఈ కేసు తెచ్చింది జ్ఞానమ్మ, ఎస్తర్ తల్లి. ప్రతి ఆదివారం చర్చిలో నా పక్కనే కూర్చుంటుంది. రాత్రి ఫోన్ చేసి ఏడవలేదు. "రజినీ, నా బిడ్డ తప్పు చేస్తే చేసిందని నాకే ముందు చెప్పు. చెయ్యకపోతే ఇంటికి తోల్కరా" అంది. అలా అడిగే తల్లికి లేదని ఎలా చెప్తాం? అప్పుడే వెంకట్రావు గారింటికి ఫోన్ చేసి, ఆ రోజు వాడినవన్నీ తీసిపెట్టమని ఆయన కోడలికి చెప్పాను.

పొద్దున్నే స్టేషన్‌కు వెళ్లాను. ధనుంజయ్ టీ తాగుతూ నన్ను చూసి నవ్వాడు.

"రండి మేడం. ఏ పెళ్లికొడుకు గురించి వచ్చిండ్రు?"

"మీ గురించే సార్. మంచోడే గానీ తొందరెక్కువ అని రాసుకున్న."

"రాసుకోండి. మధ్యాహ్నం రెండింటికి కోర్టుకు తీస్కపోతున్న. అప్పటిదాక మాట్లాడుకోండి."

ఎస్తర్ బెంచీ మీద ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చుంది. ఇరవై ఆరేళ్ల పిల్ల. స్కూటీ మీద ఊరూరా తిరిగి ముసలివాళ్ల కీళ్లకు వైద్యం చేస్తుంది. కళ్లు వాచిపోయి ఉన్నాయి.

"ఏడుపు తర్వాత. ముందు నాకు మిషన్ సంగతి చెప్పు" అన్నాను. "చదువురానిదానికి చెప్పినట్టు చెప్పు."

"మిషన్‌కు రెండు వైర్లుంటయి అక్క. నల్లది మైనస్, ఎర్రది ప్లస్. రెండిటి కొసకు తడి ప్యాడ్లు. మందులల్ల గూడ ప్లస్ మందులు, మైనస్ మందులు ఉంటయి. నేను వాడే వాపు మందు మైనస్ మందు. దాన్ని నల్ల వైరు కింద పెట్టాలె. మైనస్, మైనస్‌ను నూకేస్తది. అప్పుడు మందు చర్మం లోపటికి పోతది."

"ఎర్ర వైరు కింద పెడితే?"

"పోదు. ప్లస్ దాన్ని పట్టుకొని కూసుంటది."

"మరి ఆ ఎర్ర వైరు ఏం పని చేస్తది?"

"కరెంటు తిరిగి రావాలె గదక్క, దానికే. అది కింద పిక్క మీద కడ్త. దాంట్ల మందేం ఉండదు."

"వెంకట్రావు గారి రక్తంల దొరికిన మందు ప్లస్సా, మైనస్సా?"

ఎస్తర్ తలెత్తి చూసింది. "ప్లస్. చదువుకునేటప్పుడు పుస్తకంల చూసిన. ఒట్టు అక్క, చేత్తో ఎన్నడూ ముట్టలే."

"ఆ పొద్దున ఏమైంది?"

"ఎప్పటిలెక్కనే పోయిన. తాత కాలంతా పసుపు. మిషన్ పెట్టే ముందు కాలు సబ్బుతోటి శుభ్రంగ కడుక్కోవాలె తాతా అని వెయ్యిసార్లు చెప్పిన. 'కడిగాను తల్లీ, మురికేం లేదు, పసుపేగా' అంటడు. కోపమొచ్చింది నాకు. స్పిరిట్‌తోటి తుడిచిన గానీ పూర్తిగ పోలే. సరే అని మోకాలికి మందు ప్యాడ్, పిక్కకు ఇంకోటి కట్టి మిషన్ ఆన్ చేసిన. అది దానంతటదే బందయితది. ప్యాడ్లు రత్తమ్మ అమ్మమ్మ తీస్తది. నేను ఇంకో పేషెంటు ఉంటే పోయిన. పోయేటప్పుడు గూడ తాతను తిట్టుకుంటనే పోయిన అక్క."

పసుపు పండే సీమ ఇది. వేల్పూర్ పసుపు ఒక చిటికెడు లేని ఇల్లు ఈ జిల్లాలో ఉండదు. దెబ్బకు పసుపు, బెణుకుకు పసుపు, మోకాలికి పసుపు. పసుపును మురికి అంటే ఎవరైనా కొట్టడానికి వస్తారు. కాలు కడుక్కోమని చెప్పినప్పుడు వెంకట్రావు అబద్ధమాడలేదు. ఆయన లెక్కలో కాలు శుభ్రంగానే ఉంది.

ధనుంజయ్ బల్ల దగ్గరికి వెళ్లాను. "పోస్టుమార్టం ఫొటోలు చూపిస్తరా?"

"చూడండి. చూస్తె మీకే అర్థమైతది." ఫోన్ నా ముందు పెట్టాడు. "ఇదిగో మోకాలు. ఎర్రగ, నలుచదరంగ మచ్చ కనవడుతుందా? ప్యాడ్ పెట్టిన జాగ. విషం మందు పోయి చర్మం కాలింది. ఇంతకన్న సబూత్ ఏం కావాలె?"

మచ్చ నిజంగానే ఎర్రగా ఉంది. కానీ కాలిన చర్మం అలా ఉండదు. పొక్కదా? కమలదా? ఇది అద్దినట్టు ఉంది.

"పిక్క చూపించండి."

"పిక్క మీద ఏముంది? ఉత్త పసుపు."

నిజమే. పిక్క పసుపుగానే ఉంది. నాకు మా పక్కింటి లక్ష్మక్క గుర్తొచ్చింది. మా ఇంట్లో దిష్టి తియ్యరు. కానీ లక్ష్మక్క కొత్త కోడలు గడప దాటినప్పుడు, పళ్లెంలో పసుపు నీళ్లు పోసి ఇంత సున్నం వేసి వేలితో కలిపితే, నీళ్లు ఎర్రగా మారిపోవడం ఎన్నోసార్లు చూశాను. చిన్నప్పుడు అది చూసి ఎంత ఆశ్చర్యపోయేదాన్నో!

"సార్, రెండో ప్యాడ్ ఏది? పిక్క మీదిది?"

"అది దొరకలే. దాంట్ల ఉన్నది ఉత్త నీళ్లు మేడం. దాని కోసం నేనేం వెతుకుత?"

"నాతోటి వాళ్ళింటికి రండి."

"ఎందుకు?"

"మీరు సగం కరెక్టు. ఆ మిగిలిన సగం మీ ముందట చూపిస్త. నేను తప్పైతే రేపట్నుంచి పెళ్లికొడుకులనే చూసుకుంట. మీ జోలికి రాను."

ఆ చివరి మాటకు లేచాడు.

వెంకట్రావు గారి ఇల్లు కాలువ కింది క్యాంపులో ఉంది. కోస్తా నుంచి వచ్చి ఇక్కడ భూములు చేసుకున్న రైతుల ఊళ్లను బోధన్ చుట్టుపక్కల క్యాంపులంటారు. మూడు తరాలైనా ఇంట్లో మాట కృష్ణా జిల్లా మాటే. మర్నాడు పెద్దకర్మ. వాకిట్లో షామియానా కర్రలు దింపుతున్నారు. కోడలు ఝాన్సీ ఎదురొచ్చింది. రత్తమ్మ గారు వరండాలో స్తంభానికి ఆనుకుని కూర్చుని ఉంది. మనిషి పది రోజుల్లో సగమైపోయింది.

ఆయన కూర్చున్న పడక కుర్చీ అక్కడే ఉంది. పక్కన చిన్న స్టూలు, దాని మీద బోర్లించిన స్టీలు గిన్నె. కుర్చీ గుడ్డ మీద, మోకాలు ఆనే చోట, లేత ఎరుపు మరక. కాస్త కిందికి, పిక్క ఆనే చోట, పసుపు మరక. ధనుంజయ్‌కు వేలితో చూపించాను.

"రత్తమ్మ గారూ, ఆయనకు ఎవరన్న గిట్టనివాళ్లు ఉన్నరా?"

"ఎవరున్నారమ్మా? నోట్లో మాట దాచుకోలేని మనిషి, అంతే. మా చెరుకు కొట్టే లత లేదూ, జ్వరమని ఎవరితోనో ఇంజక్షన్ చేయించుకుని మా కొట్టంలోనే పడి చచ్చిపోయింది. పాపం చంటిపిల్ల తల్లి. ఆ ఇంజక్షన్ చేసినవాణ్ణి ఈయన ఒక్కరే చూశారు. ఎవరు సూది పొడిచారండీ అంటే అది మాత్రం నాకు కూడా చెప్పలేదు. కోర్టులోనే చెప్తానన్నారు."

ధనుంజయ్ నా చెవి దగ్గర అన్నాడు. "ఆ కేసు నాదే. వచ్చే వారం వెంకట్రావు సార్ వాంగ్మూలం ఇయ్యాలె. ఇప్పుడు ఆ కేసు గూడ పాయె."

గేటు దగ్గర బండి ఆగింది. తెల్ల చొక్కా, చేతిలో బ్యాగు, నలభై ఐదేళ్ల మనిషి దిగాడు. ఝాన్సీ ముఖం తేటపడింది. "రాజేశ్వర్ డాక్టర్ గారండీ" అంది. చదివిన డాక్టరేమీ కాదు, ఆర్ఎంపీ. కానీ క్యాంపులో అందరికీ డాక్టర్ గారే. రోజూ వచ్చి వెంకట్రావు గారి బీపీ చూసేది ఆయనే.

"నమస్తే సార్, నమస్తే మేడం" అన్నాడు వినయంగా. "ఆ పిల్ల గిట్ల చేస్తదనుకోలే. చదువుకున్న పిల్ల. అమ్మా, మీరు లోపలికి రాండ్రి. తిండి లేక ఎట్లైపోయిండ్రో చూడుండ్రి. ఒక సెలైన్ పెడ్త, పానం కుదురుకుంటది."

రత్తమ్మ గారు ఆయన చెయ్యి పట్టుకుని లేచి లోపలికి వెళ్లింది. నేను ఆపలేదు. నీరసపడ్డ మనిషికి సెలైన్ ఎక్కించడం ఇక్కడ టీ ఇచ్చినంత మామూలు. నా బుర్రంతా పసుపు మీదే ఉంది.

"ఝాన్సీ గారూ, ఒక తెల్ల ప్లేటు, ఇంత పసుపు, ఉప్పు నీళ్లు ఇస్తారా?"

తెచ్చి ఇచ్చింది. చేతిరుమాలు కొస చింపి పసుపు నీళ్లలో, ఉప్పు నీళ్లలో తడిపి ప్లేటులో పరిచాను. దారిలో కొన్న చదరం బ్యాటరీ తీసి రెండు వైరు ముక్కల్ని గుడ్డ రెండు కొసలకూ ఆనించాను.

"ఇదేం ఆట మేడం?" అన్నాడు ధనుంజయ్.

"చూడండి సార్. కాసేపు తెలివి పక్కన పెట్టి కళ్లతోటి చూడండి."

మైనస్ వైరు ఆనిన చోట పసుపు మెల్లగా ఎర్రబడింది. ప్లస్ వైపు రవ్వంత వెలిసిందే గానీ ఎర్రబడలేదు.

"అమ్మో! దిష్టి నీళ్లలా అయిపోయిందేంటండీ!" అంది ఝాన్సీ.

"మైనస్ కింద ఉన్న తడి, సున్నం నీళ్ల గుణానికి వస్తుంది. దాంతో పసుపు ఎర్రగా మారుతుంది. అంతే. మీరు మోకాలి మీద చూసింది కాలిన మచ్చ కాదు సార్. పసుపు. అంటే మోకాలి మీద ఉన్నది నల్ల వైరు. ఎస్తర్ రోజూ కట్టే పద్ధతే. ఆ వైరు మైనస్ మందును తప్ప ఇంకే మందును లోపలికి నూకదు. ప్రాణం తీసిన మందు ప్లస్ మందు. మోకాలి ప్యాడ్‌లో బిందెడు పోసినా అది కదలదు."

ధనుంజయ్ ప్లేటు వైపే చూస్తున్నాడు. "మరి ఒంట్లకు ఎట్ల పోయింది?"

"మీరే చెప్పండి. ప్లస్ వైరు ఎక్కడుంది?"

"పిక్క మీద." ఆగాడు. "నీళ్ల ప్యాడ్."

"మనమెవ్వరం లెక్కలోకి తీసుకోనిది. మందు ఏం పెట్టినవ్ అని ఎస్తర్‌ను అడిగినం. నీళ్లు ఏం పెట్టినవ్ అని అడగలే. ఆమె కూడా చెప్పలే. నీళ్లు మందా ఏంది?"

"ఆ నీళ్లల్ల ఎస్తరే కలపొచ్చు గదా!"

మంచి ప్రశ్నే. అందుకే ఈయనకు తెలివి ఉందన్నాను. నేను ఝాన్సీ వైపు తిరిగాను.

"ఆ పొద్దున ఎస్తర్‌కు నీళ్లు ఎవరిచ్చారమ్మా?"

"అత్తయ్యేనండీ. రోజూ ఈ గిన్నెలోనే ఉప్పు కలిపి ఇస్తారు. ఆ రోజు మాత్రం ఫ్రిజ్‌లో ఉన్న సెలైన్ సీసాలోంచి పోసి ఇచ్చారు. ముందు రోజు డాక్టర్ గారు తెచ్చిపెట్టారండీ, ఇంట్లో నీళ్లకంటే ఇది శుభ్రం, పెద్దాయన కాలికి దీన్నే వాడండి అని. చాలా మంచి మనిషండీ, హస్తవాసి కూడా మంచిది. నిజామాబాద్‌లో ఆపరేషన్ థియేటర్లో పనిచేసి వచ్చారు కదా, శుభ్రం సంగతి ఆయనకు తెలిసినట్టు మాకేం తెలుస్తుంది?"

ధనుంజయ్ ప్లేటు మీదినుంచి తల ఎత్తాడు.

"ఆ సీసా ఏది?" అన్నాడు ఆయన.

"మావయ్య పోయిన సాయంత్రమే డాక్టర్ గారు పట్టుకెళ్లారు. మూత తీసింది పాడైపోతుందట. పిక్కకు కట్టిన తడి గుడ్డ కూడా ఆయనే తీసి పారేశారు." ఝాన్సీ నన్ను చూసింది. "రాత్రి మీరు ఫోన్ చేసి ఆ రోజు వాడినవన్నీ తీసిపెట్టమన్నారు కదండీ. అత్తయ్యకు అప్పుడు సీసా గుర్తొచ్చింది. ఇవాళ పొద్దున డాక్టర్ గారికి ఫోన్ చేసి, డిటెక్టివ్ గారు అడుగుతున్నారు, ఆ సీసా తెచ్చిపెట్టండి అన్నారు."

"ఏమన్నడు?"

"వస్తున్నా, మీరు ఎవరితోనూ అనకండి, నీరసంగా ఉన్నారు, వచ్చి సెలైన్ పెడతానన్నారు."

ఆ ఫోన్ చేసింది నేను. ఆమెను ఆయన చెయ్యి పట్టుకుని లోపలికి పోనిచ్చిందీ నేనే. ప్లేటు ఎక్కడ పెట్టానో తెలియదు, లోపలి గదిలోకి పరుగెత్తాను.

రత్తమ్మ గారు మంచం మీద పడుకుని ఉంది. కిటికీ ఊచకు సెలైన్ సీసా వేలాడుతోంది. చేతికి సూది గుచ్చి ప్లాస్టర్ వేసి ఉంది. రాజేశ్వర్ ఒక చేత్తో గొట్టం పట్టుకుని, బొటనవేలు దాని చిన్న చక్రం మీద పెట్టి ఉన్నాడు. గొట్టంలో ఇంకా ఒక్క చుక్క కూడా కదలలేదు.

నేను అతని మణికట్టు పట్టుకున్నాను. నా జీవితంలో ఎవరి చెయ్యీ అంత గట్టిగా పట్టుకోలేదు.

"గదేంది మేడం?" అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది. "అమ్మ పానం బాగలేదు. ఇడువుండ్రి."

నేను రెండో చేత్తో సూది లాగేసి రత్తమ్మ గారి చేతికి పమిట కొంగు అదిమాను.

"సీసాల ఏముంది రాజేశ్వర్ గారూ?"

"సెలైన్ మేడం."

"అంటే?"

"ఉప్పు నీళ్లు. ఉత్త ఉప్పు నీళ్లు."

"మంచిది. ఎండల బండి మీద వచ్చిండ్రు. చెమటలు కారుతున్నయ్. అమ్మకు తర్వాత పెడ్దురు గానీ, ముందు మీరు ఎక్కించుకోండి. బ్యాగుల కొత్త సూది ఉంటది గదా?"

నవ్వాడు. ఆ నవ్వు పూర్తిగా రాలేదు. "మజాక్ చేస్తున్నరా?"

"మజాక్ కాదు."

ధనుంజయ్ గుమ్మం దాటి లోపలికి వచ్చాడు. గొంతు పెంచలేదు. కిటికీకి వేలాడే సీసాను ఒకసారి, మనిషిని ఒకసారి చూశాడు.

"చెయ్యి చాపు రాజేశ్వర్."

గదిలో ఫ్యాన్ తిరుగుతోంది. బయట షామియానా వాళ్లు కర్రలు పాతుతున్నారు. రాజేశ్వర్ నా చేతిలోంచి చెయ్యి విడిపించుకుని, రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని గోడకు ఆనుకున్నాడు.

ధనుంజయ్ అతని జబ్బ పట్టుకున్నాడు. రెండో చేత్తో ఫోన్ తీసి స్టేషన్‌కు కలిపాడు. "ముత్తన్నా, ఎస్తర్‌ను కోర్టుకు తోల్కపోకు. వాళ్ల అమ్మకు కబురు పెట్టు, నేను మాట్లాడ్త." నా వైపు చూడకుండానే అన్నాడు. "మిగిలిన సగం దొరికింది మేడం. లత కేసు గూడ."

సంతోషపడాల్సింది. జ్ఞానమ్మకు ఇచ్చిన మాట నిలబడింది. కానీ నేను రత్తమ్మ గారిని చూస్తున్నాను. ఆమె లేచి కూర్చుంది. గోడకు ఆనుకున్న మనిషిని, అతని వెనక దాక్కున్న చేతులను చూసింది. ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది.

"గిన్నెలో నేనే పోశానమ్మా" అంది. "ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసింది. ఆ పిల్ల ప్యాడ్ కడుతుంటే, 'ఇవాళ నీళ్లు చల్లగా హాయిగా ఉన్నాయి రత్తమ్మా' అన్నారాయన. మళ్లీ నాతో మాట్లాడలేదు."